అప్‌డేట్: హ్యాండ్‌హెల్డ్ స్కానర్ సమస్య తీరింది (విజయనగరం)

మా గోడౌన్‌లో స్టాక్ లెక్క తీస్తుంటే దిగుమతి సరుకులు కొన్నింటికి టెర్మినల్ (బార్‌కోడ్ చదివే ఆ చేతి స్కానర్) ‘ఐటమ్ లేదు’ అంటోందని అడిగాను కదా, కారణం దొరికింది.

890తో మొదలయ్యే మన దేశపు 13 అంకెల ఈఏఎన్ రకం బార్‌కోడ్‌లతో ఏ ఇబ్బందీ లేదు. అమెరికా చాక్లెట్ డబ్బాల మీద ఉన్నది 12 అంకెల యూపీసీ, అంటే అక్కడ వాడే బార్‌కోడ్ రకం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అదే కోడ్ ముందు సున్నాతో, 13 అంకెలుగా ఎక్కి ఉంది. టెర్మినల్ ఆ సున్నా లేకుండా పంపుతోంది! స్కానర్ సెట్టింగుల్లో యూపీసీని ఈఏఎన్-13గా మార్చే ఆప్షన్ ఆన్ చేశాం, డబ్బాలన్నీ టకటకా ఎక్కేశాయి. మా కుర్రాళ్లకు అంకెలు కొట్టే బాధ తప్పింది, అదే నాకు పెద్ద సంతోషం.

ఎక్సెల్‌లో కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టమన్న అన్నకు ప్రత్యేకంగా థాంక్స్. లేకపోతే ఆ సున్నా అక్కడ మళ్లీ ఎగిరిపోయేది.