వరిలో ఆరుతడి: భూతాపం మనిషి పనే అయితే భారం మడి మీదేనా?

పెన్నా గట్టు (చర్చ మొదలు):
మన నెల్లూరు వైపు ఎడగారు (రెండో పంట) నాట్లు దగ్గరకొచ్చాయి. కాలువ కింద వరిని ఎప్పుడూ నీళ్ళలో ఉంచకుండా ఈసారి ఆరుతడిలో, అంటే మడిని కొన్నాళ్ళు ఆరనిచ్చి మళ్ళీ నీళ్ళు పెడుతూ పండించమని సలహా వస్తోంది. నీళ్ళు నిలిచిన మడి నుంచి మీథేన్ వస్తుందని, అది భూతాపాన్ని పెంచుతుందని కారణం చెబుతున్నారు. వెనకటి చర్చలో ఒకరు “భూమి వేడెక్కడం సహజం, మడి ఆరబెడితే ఆగదు” అని రాసి వెళ్ళిపోయారు. ఆ మాట తేలకుండా ఆరుతడి సంగతి తేలదు. లెక్కలతో మాట్లాడండి.

కావలి కెరటం:
ఆ మాట రాసింది నేనే. ఇప్పుడూ అదే అంటున్నా.
భూమి ఇరుసు వంపు 41 వేల ఏళ్ళకొకసారి మారుతూ వస్తుంది. కక్ష్య గుండ్రంగా, కోలగా మారేదానికి లక్ష ఏళ్ళు. వీటివల్ల మంచుయుగాలు వచ్చినాయి, పోయినాయి. ఆఖరి మంచుయుగం కరిగేటప్పటికి ఏ బొగ్గు కేంద్రం ఉండింది? తుపాన్లంటారా, నెల్లూరును 1927లో కొట్టింది. 1989 నవంబరులో కావలి దగ్గరే తీరం దాటింది. మన తీరానికి ఇవి కొత్త కాదు.
అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. అంటార్కిటికాలో లోతుగా తవ్వి తీసిన మంచు దిమ్మెలు చూపేదాని ప్రకారం, మంచుయుగం ముగిసేటప్పుడు వేడి ముందు పెరిగింది. వేడికి కారణమని మీరనే కార్బన్ డయాక్సైడ్ ఆ తర్వాత సుమారు 800 ఏళ్ళకు పెరిగింది. కారణమన్నది వెనక వస్తుందా? దీనికి జవాబు చెప్పి, తర్వాత మడి జోలికి రండి.

పులికాట్ కొంగ:
2015 నవంబరు, 2021 నవంబరు వరదలు అప్పుడే మరిచావా అన్నా? పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది.

కావలి కెరటం:
మరవలా. 2015 బలమైన ఎల్ నినో ఏడు. పసిఫిక్ వేడెక్కితే నైరుతి నీరసిస్తుంది, మన ఈశాన్యం ఊపందుకుంటుంది. 2021 లా నినా ఏడు, అంటే పసిఫిక్ చల్లబడిన ఏడు. రెండు వరదలకు వెనక ఎదురుబొదురు పరిస్థితులున్నాయి, రెండూ సముద్రం చేసినవే. మనిషిని యాడ ఇరికిస్తారు?

స్వర్ణముఖి:
కావలి అన్నా, ఎల్ నినో మాట నిజమే. అయితే అది వాన ఎక్కడ, ఏ నెలలో పడాలో అటూ ఇటూ జరుపుతుంది. భూమికి కొత్తగా వేడి తెచ్చిపెట్టదు. సముద్రంలో దాగిన వేడిని పైకి తెస్తుంది, లా నినాలో అది మళ్ళీ లోపలికి పోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే ఏ ఏడాదైనా సరే, వాయుగుండం వచ్చిందంటే దించే నీళ్ళు వెనకటికన్నా ఎక్కువయ్యాయి. తుపానును పుట్టించింది మనిషి అని నేననడం లేదు. దానికి బలం పెంచాడంటున్నా.

ఇక కారణం సంగతి. వేడి పెంచేది సూర్యుడే అయితే గాలి పొరలు కింద నుంచి పైదాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. మనమున్న కింది పొర వేడెక్కుతోంది, దాని మీదున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు, 11 ఏళ్ళ చక్రంలో వెయ్యింట ఒక వంతు మారుతుంది. ఈ నలభై ఏళ్ళలో ఆ శక్తి పెరగలేదు, భూమి మీద ఉష్ణోగ్రత మాత్రం పెరిగింది. అగ్నిపర్వతాలు వదిలే కార్బన్ డయాక్సైడ్, మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. పైగా 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు భూమి ఏడాది రెండేళ్ళపాటు అర డిగ్రీ దాకా చల్లబడింది.

గాలిలో పెరిగిన కార్బన్ ఎక్కడిదో దాని మీదే ముద్ర ఉంది. బొగ్గు కోట్ల ఏళ్ళు భూమిలో ఉంది కాబట్టి అందులో కార్బన్-14 (కాలంతో తరిగిపోయే రకం కార్బన్) మిగలదు. ఒకప్పుడు మొక్క కాబట్టి కార్బన్-13 తక్కువగా ఉంటుంది. గాలిలో ఈ రెండింటి వాటా పడిపోతూ వచ్చింది. (1950ల, 60ల అణుపరీక్షలు కార్బన్-14 లెక్కను కొన్నాళ్ళు కలగాపులగం చేశాయి గానీ కార్బన్-13 గీత దిగుతూనే ఉంది.) మంటకు ఖర్చయ్యే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతోంది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవాలో కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. యంత్రాలు రాకముందు 280. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2021 నివేదిక ప్రకారం 1850-1900తో పోలిస్తే 2010-19 నాటికి మనిషి వల్ల పెరిగింది సుమారు 1.07 డిగ్రీలు. సూర్యుడు, అగ్నిపర్వతాలు కలిపినా పెరుగుదలైనా తగ్గుదలైనా 0.1 డిగ్రీకి మించదు.

కావలి కెరటం:
ఇంత రాశారు గానీ 800 ఏళ్ళ మాట ఎత్తలేదమ్మా.

పులికాట్ కొంగ:
ఆ ఒక్కటే పట్టుకుని వేలాడతావేందన్నా.

కావలి కెరటం:
వేలాడతా. అడిగిందానికి జవాబు రాకపోతే మిగతా పది చెప్పినా నాకు లెక్కలేదు.

స్వర్ణముఖి:
చెబుతున్నా. మంచుయుగం ముగిసేటప్పుడు తొలి తోపు మీరన్న కక్ష్యదే. ఆ తోపుకు సముద్రం కొంచెం వెచ్చబడింది. వెచ్చబడిన నీళ్ళు కరిగిన వాయువును అంతగా పట్టుకోలేవు, ఎండలో పెట్టిన సోడా మూత తీస్తే బుస్సున పొంగేది అందుకే. అలా బయటికొచ్చిన కార్బన్ డయాక్సైడ్ మిగతా వేడిని పెంచింది. అంటే అప్పుడది మొదట ఫలితం, ఆ తర్వాత కారణం.
ఇప్పుడు కూడా అది సముద్రం నుంచే వస్తుంటే సముద్రంలో కార్బన్ తగ్గాలి కదా? పెరుగుతోంది. అది కరిగేకొద్దీ నీళ్ళ ఆమ్లత పెరుగుతుంది, అందుకే పై నీళ్ళ పీహెచ్ (ఆమ్లత పెరిగితే దిగే కొలత) 8.2 నుంచి 8.1కి దిగింది. చూడ్డానికి చిన్న అంకె, కానీ ఆ కొలతలో ఒక్క మెట్టంటే పది రెట్లు, కాబట్టి ఆమ్లత పాతిక శాతం పైన పెరిగినట్టు. కక్ష్య లెక్కే నమ్మితే గత కొన్ని వేల ఏళ్ళుగా భూమి మెల్లగా చల్లబడే దారిలో ఉండాలి.

కనిగిరి ఎండ:
కనిగిరి, పామూరు వైపు వరి మడీ లేదు, మీథేనూ లేదు. ఎండ ఉంది, నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. కారణం తేల్చేవాళ్ళు వెలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయో కూడా తేల్చండి.

ఎడగారు:
ఆరుతడి అంటే మడి ఎండగట్టడం అనుకుంటున్నవాళ్ళు ఎక్కువ, అందుకే మడిలో నీటిమట్టం చూసుకునే గొట్టం సంగతి వివరంగా రాస్తున్నా.
అడుగు పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ గొట్టం తీసుకోండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేసి ఆ సగాన్ని నేలలో దించాలి, మిగతా సగం పైకి ఉండాలి. లోపలి మట్టి తోడేయడం మరవొద్దు. మట్టి ఉంటే గొట్టంలో మట్టం, మడిలో మట్టం ఒకటి కావు, అంతా తప్పు చూపిస్తుంది. మిట్టలోనూ పల్లంలోనూ కాకుండా మడి సగటు ఎత్తున్న చోట, గట్టుకు కాస్త లోపలగా, చేయి అందేలా పెట్టాలి.
నాటాక రెండు వారాలు నీళ్ళు నిలపాలి. కలుపు ఎక్కువుంటే మూడు వారాలు. ఆ తర్వాత గొట్టంలో నీళ్ళు నేలమట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగితే 5 సెంటీమీటర్లు నిలిచేలా మళ్ళీ నీళ్ళు పెట్టాలి. 15 దిగేదాకా పైరుకు ఏమీ కాదు, వేర్లు ఆ లోతులోనే ఉంటాయి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఆరనివ్వకూడదు. పూతలో ఎండ 35 డిగ్రీలు దాటితే చాలు, తాలు పెరుగుతుంది, నీటెద్దడి తోడైతే కంకి తెల్లబోతుంది.
ఎక్కువమంది తప్పు చేసేది యూరియా దగ్గర. ఆరిన నేల మీద వేసి వెంటనే నీళ్ళు పెట్టాలి. నిలిచిన నీళ్ళలో చల్లి తర్వాత ఆరబెడితే కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది, అది వేడి పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. మీథేన్ తగ్గించిన ఫలం అక్కడ పోవచ్చు. సరిగ్గా చేస్తే మీథేన్ సగం దాకా తగ్గుతుంది, ఎందుకంటే గాలి తగలని బురదలోనే దాన్ని పుట్టించే సూక్ష్మజీవులు బతుకుతాయి.

కావలి కెరటం:
ఎడగారు సారూ, గొట్టం లెక్క మీరు చెప్పారు, మిగతా లెక్క నేను చెప్తా. దక్షిణాసియా వరికి ఐపీసీసీ వాడే అంకె హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. 120 రోజుల పంటకు ఎకరానికి 41 కిలోలు. మీథేన్ వేడి పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 27 రెట్లు కాబట్టి 27తో గుణిస్తే టన్ను పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆరుతడితో అందులో సగం, అర టన్ను మిగిల్చామనుకోండి. నేలటూరు థర్మల్ కేంద్రం 2400 మెగావాట్లు. బొగ్గు కరెంటు మెగావాట్‌కు గంటకు 0.9 టన్ను దాకా వదులుద్ది. పూర్తి లోడు మీద ఒక్క గంట నడిస్తే 2 వేల టన్నుల పైన. దగ్గర దగ్గర 4 వేల ఎకరాల రైతులు నాలుగు నెలలు మడి ఆరబెట్టి మిగిల్చింది గంటలో పోతాది. ముందు ఎవర్ని అడగాల?
ఇంకా ఉంది. కాలువ తల దగ్గరున్నోళ్ళకు ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు. చివరి భూములోళ్ళు నీళ్ళు వచ్చిన రోజే మడి నింపుకోవాల, లేకుంటే లేదు. గొట్టంలో మట్టం దిగిందని తూము కాడికి పోతే కాలువలో ఇసుకే కనపడుద్ది. “మళ్ళీ నీళ్ళు పెట్టాలి” అని మీరు రాసింది మూడే మాటలు. ఆ మూడు మాటల కాడే చివరి భూముల పంట పోయేది. మీథేన్ పేరు చెప్పి వంతు కోస్తారు, మిగిలిన నీళ్ళు ఎవరికి పోతాయో రాసిచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు.

స్వర్ణముఖి:
అన్నా, ఈ మాట మొదటే అని ఉంటే మంచు దిమ్మెల దాకా పోయేవాళ్ళమే కాదు. మీ కోపం తూము మీద. దాన్ని సూర్యుడి మీదికి మళ్ళించారు.
మీ లెక్కకు ఒక సవరణ. 27 అనేది వందేళ్ళ లెక్క. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్ళే. ఇరవై ఏళ్ళకు చూస్తే 80 రెట్లు, అప్పుడు మీ 4 వేల ఎకరాలు 1300 అవుతాయి. అయినా బొగ్గుదే పెద్ద వాటా, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి ఆలోచించండి. వేడి సహజమే అని మీరు గెలిచారనుకుందాం. ఆ రోజు నుంచి నేలటూరు పొగగొట్టం గురించి అడగడానికి మీకేం మిగులుతుంది? మనిషి చేశాడన్న మాట మీదే కదా ఎవరెంత చేశారన్న లెక్క నిలబడేది.

కావలి కెరటం:
లెక్క అడగడానికి పనికొస్తుందని దేన్నీ నమ్మను. సూర్యుడి సంగతిలో మీరు చెప్పింది నిలబడింది, వదిలేస్తున్నా. 800 ఏళ్ళ జవాబు ఇంకోసారి చదువుకుంటా. చివరి భూముల సంగతి వదలను.

ఇందుకూరుపేట గుంట:
రొయ్యల గుంటల వైపు కూడా చూడండి. నీళ్ళు 25 నుంచి 35 డిగ్రీలకు పోతే మంచినీళ్ళలోనే కరిగే ఆక్సిజన్ లీటరుకు 8.3 నుంచి 6.9 మిల్లీగ్రాములకు పడుద్ది, ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ. తెల్లారుజామున ఆక్సిజన్ 3 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్య పైకి తేలుద్ది. ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఎక్కువ గంటలు తిప్పాల, కరెంటు పోతే డీజిల్. పెద్ద వాన పడితే మంచినీళ్ళు పైన పొరగా నిలబడతాయి, ఆ పై నీళ్ళు వెంటనే తీసెయ్యాల.

ఎడగారు:
కావలి గారన్న చివరి భూముల మాటకు నేను అడ్డు చెప్పను. తీరం పక్కన చివరి భూముల్లో ఆరుతడికి నేనే ఒప్పుకోను. కింది నీళ్ళు ఉప్పగా ఉన్న చోట మడి ఆరితే ఉప్పు పైకి లేస్తుంది. నేల లవణత (ఉప్పు కొలత) మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అక్కడ నీళ్ళు నిలపడమే ఉప్పుకు మందు.
మిగతా చోట్ల ఆరుతడి ఒక్కో రైతు చేసే పని కాదు, ఒక పిల్లకాలువ మొత్తం చేయాలి. తల భూములు ఆరబెట్టే రోజుల్లోనే చివరికి నిండుగా నీళ్ళు వదలాలి. వంతు చివర నుంచి మొదలు కావాలి. తూము దగ్గర కొలబద్ద పెట్టి ఏ రోజు ఎంత వచ్చిందో అందరికీ కనపడేలా రాయాలి. అది లేకుండా గొట్టాలు పంచితే కావలి గారి భయమే నిజమవుతుంది.

కావలి కెరటం:
భయం కాదు సార్, ఏటా జరిగేదే. కొలబద్ద ముందు పెట్టించండి, గొట్టం తర్వాత.

స్వర్ణముఖి:
రెండూ ఒకేసారి ఎందుకు కాకూడదు? కొలబద్ద వచ్చేదాకా ఆగుదామంటే ఇంకో పదేళ్ళు పోతాయి.

కావలి కెరటం:
పోతే పోనీ. ముందు గొట్టం వస్తే కొలబద్ద ఎప్పటికీ రాదు.

విడవలూరు రేగడి:
మాది కాలువ మధ్య భాగం. పీవీసీ ముక్కలు లేవు, వెదురు బొంగు పెట్టొచ్చా?

ఎడగారు:
పెట్టొచ్చు. లావు బొంగు చూసుకుని లోపలి కణుపుల అడ్డాలు పొడిచేయండి. రంధ్రాల చుట్టూ గుడ్డ కడితే మట్టి చొరబడదు.

కావలి కెరటం:
రేగడి అబ్బయ్యా, బొంగు కోసే ముందు ఒక పని చెయ్. మీ తూముకు ఎన్ని రోజులకొకసారి నీళ్ళొస్తుండాయో ఈ నెలంతా రాసిపెట్టు. ఆ లెక్క చూసి, మీ మడిలో 15 సెంటీమీటర్లు దిగడానికి పట్టే రోజులకన్నా ఆ ఎడం ఎక్కువుంటే, బొంగు పెట్టొద్దు.