ఎస్ప్రెస్సో ఒక పక్కనుంచే కారుతోంది, మీకెవరికైనా ఇలా అయ్యిందా?

కూకట్‌పల్లి_కాఫీ
సెకండ్ హ్యాండ్‌లో 58 ఎంఎం (పొడి గిన్నె వెడల్పు) ఎస్ప్రెస్సో మెషీన్ కొన్నాను. అడుగు తెరిచి ఉండే పోర్టాఫిల్టర్ (పొడి గిన్నెని పట్టుకునే హ్యాండిల్). 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 28 సెకన్లు. లెక్క బాగానే ఉంది, కానీ కారడం ఎడమవైపే మొదలవుతుంది. కుడివైపు చాలాసేపు పొడిగా ఉండి, ఆఖర్లో నాలుగు చుక్కలు. మధ్యలో సన్నటి ధార చిమ్మి గట్టంతా పడుతోంది. తాగితే ముందు పులుపు, వెనకే చేదు. పొడిని సూదులతో కలుపుతాను. ట్యాంప్ చేశాక (అంటే పొడిని గట్టిగా నొక్కాక) అంచులకు అంటిన పొడి రాలడానికి ట్యాంపర్‌తో పక్కన ఒకసారి తడతాను. అరకు గింజలు, మీడియం రోస్ట్. గ్రైండర్ మార్చాలా? నీళ్ల వల్లా? మెషీన్ ఒక పక్కకి వాలి ఉందా?

బెజవాడ_బరిస్టా
ఆ తట్టడం ఈరోజే మానేయండి. ట్యాంప్ చేశాక పక్ (నొక్కిన పొడి బిళ్ల) బాస్కెట్ (చిల్లుల పొడి గిన్నె) గోడకి అతుక్కుని ఉంటుంది. తడితే అక్కడ వెంట్రుకవాసి సందు పడుతుంది. 9 బార్ల ఒత్తిడితో వచ్చే నీళ్లకి ఆ సందు చాలు. అక్కడి పొడి అతిగా ఉడికి చేదు, మిగతాది సరిగ్గా తడవక పులుపు.

డాలస్_రావు
తట్టడం వల్ల ఏమీ కాదండీ. నేను రోజూ తడతాను, నా షాట్లు బ్రహ్మాండంగా వస్తాయి. అసలు దోషం గ్రైండర్‌ది. చవక గ్రైండర్‌లో పొడి ఉండలు కడుతుంది. గింజల మీద ఒక్క చుక్క నీళ్లు చల్లి మర పట్టండి, ఉండలు తగ్గుతాయి.

బెజవాడ_బరిస్టా
రావుగారూ, కేఫ్‌లో బార్ వెనక ఏళ్లు నిలబడ్డవాణ్ణి. తట్టిన పక్‌ని బయటికి తీసి చూడండి, అంచు దగ్గర చిన్న గుంట ఉంటుంది. ట్యాంప్‌కి ముందు పొడి సర్దుకోవడానికి తట్టండి, ఎవరూ కాదనరు. తర్వాత మాత్రం వద్దు.

డాలస్_రావు
కేఫ్ అనుభవం ఉంటే ఇంట్లో చేసుకునేవాళ్లకి ఏమీ తెలియదనా? ఆ పెద్ద మెషీన్లు వేరు, ఇంటివి వేరు. తట్టి మళ్లీ ట్యాంప్ చేస్తే సందు మూసుకుపోతుంది.

బెజవాడ_బరిస్టా
మూసుకోదు. ఒకసారి గట్టిపడ్డ పొడి మళ్లీ నొక్కితే పక్కకి జరగదు. ఇది పంతం కోసం చెప్పట్లేదు, అతని గింజలు వృథా అవుతున్నాయని చెబుతున్నా.

పాడేరు_పిల్లోడు
అరకు గింజలన్నారు కాబట్టి ఒక మాట. రోస్ట్ తేదీ చూశారా? వారం, పదిరోజులు ఆగనివ్వండి, మరీ తాజాగా ఉంటే లోపలి గ్యాస్ పక్‌ని లేపేస్తుంది. 2019లో మా అరకు అరబికాకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండే పంట అది. దాన్ని సరిగ్గా కాచుకుని తాగితే మాకు ఆనందం.

గుంటూరు_సుబ్బలక్ష్మి
బాబూ, మా అబ్బాయి పంపిన మెషీన్‌లో ఫిల్టర్ కాఫీ పొడి వేస్తే చుక్క కూడా దిగట్లేదు. చికోరీ కలిసిన పొడి.

అమీర్‌పేట్_ఆర్వో
నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదేం? బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. ఒట్టి ఆర్వో నీళ్లలో ఖనిజాలు లేక రుచి చప్పగా వస్తుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 150 పీపీఎం దగ్గర ఉంటే చాలు.

వరంగల్_వర్క్‌షాప్
నీళ్లతో ఒక పక్కే కారదు తమ్ముడూ. గొడవలు ఆపి ముందు పరీక్ష చేయండి. మామూలుగానే ట్యాంప్ చేసి, హ్యాండిల్‌లో ఉన్న బాస్కెట్‌ని మాత్రం సగం చుట్టు తిప్పి బిగించండి. త్వరగా కారేది కుడివైపుకి మారితే తప్పు పొడి సర్దడంలో ఉంది. ఎడమవైపే ఉండిపోతే మెషీన్‌లో. తర్వాత పోర్టాఫిల్టర్ తీసేసి ఉత్త నీళ్లు వదలండి. పై జల్లెడ నుంచి అన్ని వైపులా సమంగా పడాలి. చాలా మెషీన్లలో ఆ జల్లెడ ఒక్క స్క్రూతో ఉంటుంది. పొట్టి స్క్రూడ్రైవర్ కావాలి, పొడుగుది కింద పట్టదు.

డాలస్_రావు
ఇదే నేను చెప్పబోయింది.

బెజవాడ_బరిస్టా
మీరు గ్రైండర్ అన్నారు.

కూకట్‌పల్లి_కాఫీ
వరంగల్ అన్నా, తిప్పి చూశాను. ఎడమవైపే ఉండిపోయింది. జల్లెడ విప్పితే కుడివైపు రంధ్రాల్లో పాత కాఫీ నూనె నల్లగా గట్టిపడి ఉంది, వేలిగోరుతో గీకితే రేకుల్లా ఊడింది. పాత ఓనరు ఎప్పుడూ విప్పినట్టు లేదు. వేడినీళ్లలో క్లీనింగ్ పౌడర్ వేసి నానబెట్టి, తోమి బిగించాను. ఇప్పుడు రెండు వైపులా దాదాపు ఒకేసారి మొదలై మధ్యలో కలుస్తోంది. చేదు పోయింది. సన్నటి ధార మాత్రం అప్పుడప్పుడు చిమ్ముతోంది.

బెజవాడ_బరిస్టా
తట్టడం మానేశారా?

కూకట్‌పల్లి_కాఫీ
ఇంకా లేదండీ. రేపటి నుంచి మానేసి చూస్తా.

వరంగల్_వర్క్‌షాప్
మీ మెషీన్‌కి త్రీ వే వాల్వ్ (కాఫీ దిగాక మిగిలిన ఒత్తిడిని బయటికి వదిలేది) ఉంటే వారానికోసారి చిల్లుల్లేని మూత బాస్కెట్‌తో బ్యాక్‌ఫ్లష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి తన్ని లోపల కడిగేలా. లేకపోతే చేయకూడదు, జల్లెడ విప్పి కడగడమే.
సుబ్బలక్ష్మమ్మా, చికోరీ తడవగానే జిగురుగా మారి దారి మూసేస్తుంది. ఆ పొడి మీ పాత ఫిల్టర్‌కే ఉంచండి. మెషీన్‌కి చికోరీ లేని గింజలు మర పట్టించండి.

గుంటూరు_సుబ్బలక్ష్మి
సరే బాబూ. మరపట్టేవాడికి ఎంత సన్నగా అని చెప్పాలి?