సమస్యాపూరణం: పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు

గణగణ (నిర్వహణ):
ఈసారి సమస్య ఆటవెలదిలో, నాలుగో పాదం:

పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు

అయిదూ సూర్యగణాలే. యతి పి–బి. ఛందస్సులో ఎవరికీ టెన్షన్ అక్కర్లేదు, టెన్షన్ అంతా భావంలోనే. పూరణ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలోని డ్రూయిడ్ (జంతువుల రూపాలు ధరించే పాత్ర) రూపాల మీద ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది. పద్యంలో జరిగింది ఆటలోనూ జరగాలి. "అంతా మాయ" అంటే కుదరదు.

ఆట ఆడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 2004లో ఆట వచ్చినప్పుడు డ్రూయిడ్‌కి 20వ లెవెల్లో పిల్లి రూపం, 30లో చిరుతలా పరుగెత్తే ట్రావెల్ ఫామ్ వచ్చేవి. ఆ చిరుత మామూలు నడక కంటే 40 శాతం వేగం. మిగతావాళ్లు గుర్రమో తోడేలో ఎక్కడానికి 40వ లెవెల్ దాకా ఆగాలి కాబట్టి ఆ పది లెవెళ్లూ డ్రూయిడ్‌దే రాజ్యం. ఎగిరే పిట్ట 2007లో బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణతో వచ్చింది, 68వ లెవెల్లో. మిగతావాళ్లకి ఎగిరే వాహనం 70లో. 2014లో నేల, నీరు, గాలి రూపాలు మూడూ ఒకే ట్రావెల్ ఫామ్‌లో కలిశాయి. పిల్లి మాత్రం విడిగానే ఉంది.

కానివ్వండి.

మబ్బుచాటు:
మొదటి బోణీ నాదే.

మాయ యాటలోన మంత్ర మొక్కటి వేయ
కనులు మూసి తెరచు కాలమందు
ఇంత వింత యేమి? యీశ్వరుఁ డెరుఁగును!
పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు.

గణగణ:
ధార బాగుంది, గణాలూ యతులూ ఎక్కడా తప్పలేదు. కానీ మబ్బుచాటు గారూ, సమస్యని మీరు విప్పలేదు, ఈశ్వరుడికి అప్పజెప్పారు. మొదటి మూడు పాదాలూ అలాగే ఉంచి నాలుగోదాంట్లో ఏనుగు చీమ అయిందని రాసినా పద్యం నడిచిపోతుంది. పిల్లి పిట్ట ఎందుకయింది, ఆ క్షణంలోనే ఎందుకయింది? అది రావాలి.

నీలిచుక్క:
చిన్న సందేహం. పిల్లి నుంచి నేరుగా పిట్ట అవ్వచ్చా, మధ్యలో మనిషి రూపానికి రావాలా? మధ్యలో మనిషి ఉంటే సమస్యే తప్పవుతుంది కదా?

ఆకుపచ్చ డ్రూయిడ్:
ఇప్పుడు నేరుగా అవ్వచ్చు. తొలిరోజుల్లో ముందు అసలు రూపానికి వచ్చి, అప్పుడు రెండోది వేసుకోవాలి. మారిన ప్రతిసారీ మానా (మంత్రశక్తి) ఖర్చు. పిల్లిగా ఉన్నప్పుడు కళ్లముందు కనిపించేది ఎనర్జీ గీత. మానా సంగతి మర్చిపోతే పిల్లి పిల్లిగానే ఉండిపోయేది. ఆ కాలం సంగతి రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. నా పూరణ:

కొండ కొమ్ము నుండి గొబ్బున దూకి, తా
నేలఁ దాకు మున్నె నిబ్బరముగ
తరిమి వచ్చు పగర తల లెల్లఁ బై కెత్త
పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు.

మబ్బుచాటు:
ఆహా! ఇది కదా పూరణ. దూకేశాడు, పోయాడు అనుకునేలోపు రెక్కలు విప్పాడు.

అరసున్న:
పద్యం రసవత్తరంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మూడో పాదం చివర "ఎత్త" ద్రుతాంతం, అంటే చివర న్ దాగి ఉన్న పదం. ఎత్తన్. దాని తరువాత "పిల్లి" సరళాదేశంతో "బిల్లి" అవుతుంది. అప్పుడు ఇచ్చిన సమస్య మారిపోయినట్టే. పాదం మారినా సంధి మారదు.

మబ్బుచాటు:
అరసున్న గారు వచ్చారంటే ఏదో ఒక ద్రుతం రాలాల్సిందే.

గణగణ:
ఆయన చెప్పింది న్యాయమే. నాకు కనిపించింది ఇంకొకటి. తరుముకొస్తున్న శత్రువులంటే డ్రూయిడ్ పోరులో ఉన్నట్టు లెక్క. పోరులో ఉండగా పిట్ట రూపం రాదు. ఆ మీట నొక్కితే తెర మీద ఎర్ర అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ పద్యంలో పిల్లి నిబ్బరంగా నేలకి కొట్టుకుంటుంది.

మిగతాదంతా ఆటకి సరిగ్గా అతికింది. మామూలు వాహనాన్ని పిలవాలంటే నిలబడి కాసేపు మంత్రం చదవాలి, గాల్లో పడుతూ పిలవలేం. డ్రూయిడ్ రూపం తక్షణం మారుతుంది. అందుకే కొండ మీద నుంచి దూకే ధైర్యం డ్రూయిడ్‌కే. పైగా పిల్లిగా దూకించడంలో ఇంకో తెలివి ఉంది. పిల్లి రూపంలో ఎత్తు నుంచి పడితే దెబ్బ తక్కువ. వేలు కాస్త ఆలస్యమైనా ప్రాణం దక్కే అవకాశం ఉంటుంది. కవి తెలిసే రాశారో, తెలియక రాశారో!

ఆకుపచ్చ డ్రూయిడ్:
తెలిసే రాశానండీ, ఆ దూకుడు నా రోజువారీ ప్రయాణం. పోరు సంగతి మాత్రం యతి దొరికిన ఆనందంలో చూసుకోలేదు. పగర స్థానంలో తోటి జట్టువాళ్లని పెడుతున్నాను. వాళ్లు కొండ అంచున నిలబడి దిగే దారి వెతుక్కుంటున్నారు:

కొండ కొమ్ము నుండి గొబ్బున దూకి, తా
నేలఁ దాకు మున్నె నిబ్బరముగ
(దారి వెదకు వారు తల లెత్తి చూచిరి!)
పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు.

అరసున్న:
"చూచిరి" కళ (ద్రుతాంతం కాదు). ఇక పిల్లికి ఢోకా లేదు. అన్వయం మధ్యలో వాక్యం దూరినందుకు కుండలీకరణాలు పెట్టారు కాబట్టి సరే.

గణగణ:
నాకు రెండోదే నచ్చింది. శత్రువులు నోరు తెరవడం ఎవరైనా రాస్తారు. జట్టులో నలుగురు మెట్టు మెట్టూ దిగుతుంటే డ్రూయిడ్ ఒక్కడూ దూకేయడం, వాళ్లు కడుపుమంటతో పైకి చూడటం ఆట ఆడినవాళ్లకే తెలుస్తుంది.

గోరుముద్ర:
నేను దారి మార్చాను. క్రమాలంకారం.

నక్కి నడచు నేది? నలు సేమి చేసెను?
తార లెచటఁ దిరుగుఁ? దరువు పైన
గూడు గట్టు నేది? కూర్చి చెప్పెద విను
పిల్లి, యెగిరె, మింటఁ, బిట్ట యగుచు.

మబ్బుచాటు:
నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. అవధాన వేదిక మీద అయితే చప్పట్లే.

గణగణ:
చప్పట్లు నేనూ కొడతాను. నక్కి నడిచే పిల్లి అనడంలో డ్రూయిడ్ ప్రౌల్ వాసన కూడా ఉంది. పిల్లిగా మారితే కనిపించకుండా నక్కుతూ వెళ్లొచ్చు, అయితే తొలిరోజుల్లో నడక నెమ్మదించేది. కానీ నలుసు, చుక్కలు, గూడు అన్నీ బయటివి. ఈ పద్యాన్ని ఏ సభలోనైనా చదవొచ్చు, అదే నా ఫిర్యాదు. పైగా చివర "అగుచు" ఏ ప్రశ్నకీ జవాబు కాకుండా మిగిలిపోయింది. క్రమాలంకారంలో తోక మిగలకూడదు.

గోరుముద్ర:
తోక మిగిలింది పిల్లిది కాబట్టి మన్నించండి.

నీలిచుక్క:
నాది చూడండి. మేజ్ (ఆటలోని మాంత్రికుడు) మంచుతో కాళ్లు కట్టేస్తే రూపం మార్చి తెంచుకోవడం మీద.

మంచుతోడఁ గాళ్లు మాంత్రికుఁ డంటింప
కదలలేక నిలిచె బెదరకుండ
కట్టు తెంచు మార్గ మట్టె తోఁచిన యట్టి
పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు.

మబ్బుచాటు:
రెండో పాదంలో యతి తప్పినట్టుంది. క-కి బె ఎలా?

అరసున్న:
తప్పలేదు నాయనా. అది ప్రాసయతి. కద–బెద, రెండో అక్షరం ద. మొదటివి రెండూ లఘువులే. ఆటవెలదిలో చెల్లుతుంది. మూడో పాదంలో కట్టు–మట్టె కూడా అంతే. ఒకే పద్యంలో రెండుచోట్ల పడింది, నీలిచుక్క చెవికి ఆ నడక నచ్చినట్టుంది.

నీలిచుక్క:
పిల్లి గంతులా వినిపించాలని కావాలనే వేశాను అరసున్న గారూ.

గణగణ:
వినిపించింది. రూపం మార్చితే కాళ్లకి పడ్డ కట్టు తెగుతుందన్నది డ్రూయిడ్ అసలు బలం, దాన్ని పట్టుకున్నది మీరొక్కరే. మేజ్ గొర్రెగా మార్చబోయినా జంతురూపంలో ఉన్న డ్రూయిడ్ మారడు. అదీ ఇక్కడ ఇమిడేది. అయితే చిక్కు పైన చెప్పిందే. మంచు తగిలిందంటే పోరు మొదలైనట్టే. కట్టు తెంచుకుని చిరుతగా పరుగెత్తొచ్చు, పిట్టగా మాత్రం ఎగరలేడు.

నీలిచుక్క:
చిరుతగా పరుగెత్తి, మేజ్ కనుచూపు దాటాక పిట్ట అయ్యాడనుకోండి?

గణగణ:
అనుకోవడానికి నాకేం అభ్యంతరం? పద్యంలో ఆ పరుగు లేదు. సీసం అయితే పట్టేది.

తెరచాటు:
ఆలస్యంగా వచ్చాను. అందరూ పిల్లి పిట్టగా మారాక ఎగిరిందంటున్నారు. సమస్యలో ఉన్నది "పిల్లి యెగిరె" కదా. పిల్లే ఎగరాలి.

సర్వరేమొ నిదుర, సంకేత మందక
రూపు మారెఁ గాని రూఢి గాక
ప్రక్కవాని తెరకుఁ బాత బొమ్మయె నిల్చు
పిల్లి యెగిరె మింటఁ బిట్ట యగుచు.

ఆకుపచ్చ డ్రూయిడ్:
అన్నా, దండం! ఇది నేను కళ్లారా చూశాను. నెట్ తడబడుతుంటే పక్కవాడి డ్రూయిడ్ నాలుగు కాళ్లూ ఆడిస్తూ మేఘాల్లో పోతోంది. వాడి తెర మీద వాడు దర్జాగా పిట్ట, నా తెర మీద పిల్లి గాల్లో పరుగెడుతోంది.

అరసున్న:
"సర్వరేమొ" అన్యదేశ్యం. పద్యం మొదటి పదమే అది కావడం చెవికి కొంచెం గుచ్చుకుంది.

తెరచాటు:
దానికి తెలుగు మాట పెడితే ఆడేవాడికి అర్థం కాదు గురువుగారూ. నిద్రపోయేది సర్వరే.

గణగణ:
సర్వర్ ఉండాలి. ఆటే అన్యదేశ్యం అయినప్పుడు అందులో చెడిపోయేదాన్ని ఆ పేరుతోనే పిలుద్దాం. నాకు అడ్డొచ్చింది "నిదుర" దగ్గర. నిద్రలో ఉన్నదనే క్రియ లేకుండా ఒక్క మాటతో వదిలేశారు, అది కొంచెం కుంటింది. అయినా ఈ వారం మొదటి స్థానం దీనికే.

కారణం చెప్తాను. కొండ పద్యం ఆటలోని నియమంతో సమస్యని విప్పింది: తక్షణం మారే రూపం, పడుతూ కూడా మారొచ్చు. చాలా గట్టి పూరణ, రెండో స్థానం. కానీ అందులోనూ చివరికి ఎగిరేది పిట్టే. తెరచాటు పద్యంలో పిల్లి పిల్లిగా ఉండగానే పిట్ట. సమస్యలో ఒక్క మాటనీ పక్కకి నెట్టలేదు. అసంభవం అనిపించినదాన్ని అక్షరాలా అలాగే ఉంచి, చూసే కన్నుని మార్చారు. మూడోది నీలిచుక్క, ప్రాసయతులకీ మంచుకట్టుకీ.

ఒక్క ఆశ తీరలేదు. స్విఫ్ట్ ఫ్లైట్ ఫామ్ (ఇంకా వేగంగా ఎగిరే పిట్ట రూపం) కోసం ఆటలోని సెథెక్ హాల్స్ అనే చోట అంజు అనే కాకి దేవుడితో పోరాడే క్వెస్ట్ ఉండేది. దాంతో ఎగిరేటప్పటి అదనపు వేగం 60 శాతం నుంచి 280 శాతం అయ్యేది. కాకిని కొట్టి పిట్ట కావడం మీద ఎవరైనా రాస్తారనుకున్నాను. ఇప్పుడు రాసినా చదువుతాను, మార్కులుండవు.

వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే:

చేప చెట్టు నెక్కి చిగురు మేసె

మబ్బుచాటు:
నీటి రూపం, తరువాత లేడి రూపం... చిగురు వరకూ వచ్చింది. చెట్టెలా ఎక్కుతుంది స్వామీ?

తెరచాటు:
డ్రూయిడ్‌కి చెట్టు రూపం కూడా ఉండేది, మర్చిపోయారా?

గణగణ:
తెరచాటు గారూ, వారం ఆగండి!