రోమ్ మ్యూజియంలో నవ్వుతున్న మొగుడూపెళ్లాల శవపేటిక: ఎవరికైనా తెలుసా?

మొన్న రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంకి వెళ్లా. అక్కడ ఒక పెద్ద మట్టి శవపేటిక, ఎట్రుస్కన్లది (రోమన్ల రాజ్యం పెరగకముందు ఇటలీలో ఉన్న జనం) అని రాసుంది, మూత మీద మొగుడూ పెళ్లాం ఒకే మంచం మీద ఒరిగి ఏదో పెళ్లి భోజనాల దగ్గర కబుర్లాడుతున్నట్టు నవ్వుతున్నారు, ఆయన చెయ్యేమో ఆవిడ భుజం మీద, ఆవిడకి మొనదేలిన బూట్లు. వేళ్లు ఏదో పట్టుకున్నట్టే ఉన్నాయి గానీ చేతుల్లో ఏం లేదు. చావు దగ్గర ఈ నవ్వులేంటండీ? లోపల ఇద్దరి శవాలూ ఉండేవా?

రిప్లై 1:
విందేనండి, కరెక్ట్‌గా పట్టారు. క్రీ.పూ. 520 ప్రాంతంది, 1881లో రోమ్ దగ్గరి చెర్వెతెరి ఊళ్లో దొరికింది, అదీ దాదాపు 400 ముక్కలుగా! లోపల శవాలు కాదు, దహనం చేశాక అస్థికలు పెట్టేవాళ్లని ఎక్కువమంది అంటారు. ఆవిడ చేతిలో అత్తరు సీసా ఉండుంటుందట. అసలు విశేషం భార్య పక్కనుండటమే. గ్రీకుల్లో ఇంటి ఆడవాళ్లు మగాళ్ల విందుల్లో కూర్చునేవాళ్లు కాదు, అందుకే థియోపాంపస్ అనే గ్రీకాయన ఎట్రుస్కన్ ఆడవాళ్ల గురించి నోటికొచ్చిందల్లా రాసిపెట్టాడు.

రిప్లై 2:
రోమ్ దాకా వెళ్లి చెర్వెతెరి చూడకుండా వచ్చేశారా 😩 బండితాచ్చా అని సమాధుల ఊరే ఉందక్కడ, వీధులతో సహా. మెత్తటి రాయి తొలిచి గదులు, పైకప్పుకి దూలాలు కూడా రాతిలోనే చెక్కారు. వాళ్లు బతికిన ఇళ్లు మట్టి ఇటుకలు, కర్రవి కాబట్టి పోయాయి, ఆ ఇళ్లెలా ఉండేవో ఇప్పుడు ఈ సమాధులు చూసే ఊహించుకోవాలి. ఒక సమాధిలో స్తంభాల మీద తాడు, కత్తులు, గిన్నెలు అన్నీ సున్నంతో చేసి రంగులేశారు, మంచం పక్కన చెప్పుల జతతో సహా!

రిప్లై 3:
అందరూ నవ్వులే అంటున్నారు గానీ క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి సీన్ మారింది బ్రో. తార్క్వీనియా అనే ఇంకో ఎట్రుస్కన్ ఊళ్లో ఓర్కస్ సమాధి చూడండి, నీలం ఒంటితో చారున్ అనే యముడి భటుడు లాంటోడు ఉంటాడు, చేతిలో సుత్తి వాడి గుర్తు. క్రీ.పూ. 396లో ఎట్రుస్కన్ల వేయీ నగరాన్ని రోమన్లు పట్టేశారు, ఆ భయమే గోడలకెక్కిందని కొందరంటారు. నాకైతే అదొక్కటే కారణం అనిపించదు.

అడిగినవాణ్ణే:
థ్యాంక్సండీ అందరికీ. ఆ చెప్పుల జత దగ్గరే ఆగిపోయా నేను. మళ్లీ వెళ్తే రోమ్ నుంచి ట్రైన్ ఉంటుందా?

రిప్లై 2:
లాదిస్పోలి-చెర్వెతెరి స్టేషన్‌లో దిగి బస్ ఎక్కండి. ఎండాకాలం వద్దు, మాడిపోతారు.