క్యాంప్‌గ్రౌండ్‌లో పరిచయమైన కుటుంబంతో కలిసి ప్రయాణం: రెండు మోటర్‌హోమ్‌లకు ఏమేం చూసుకోవాలి?

బాటసారి7:
పక్క సైటు వాళ్లతో మంచి స్నేహం కుదిరింది. రెండు వారాల పాటు రెండు మోటర్‌హోమ్‌లతో (లోపలే పడక, వంట ఉండే బండ్లు) కలిసి తిరుగుదామనుకుంటున్నాం. మాది ఆరు మీటర్ల వ్యాను, క్యాసెట్ టాయిలెట్ (మలమూత్రాల డబ్బాను బయటికి లాగి ఖాళీ చేసేది). వాళ్లది తొమ్మిది మీటర్ల బండి, వెనక చక్రాల తర్వాత దాదాపు మూడు మీటర్ల తోక, బ్లాక్ ట్యాంక్ (బండికే బిగించిన మలమూత్రాల ట్యాంకు). ఒకే పాయింట్ నుంచి ఇద్దరం కరెంటు తీసుకోవచ్చా? ఇద్దరికీ ఒక జనరేటర్ చాలుతుందా? రోడ్డు మీద ఒకరి వెనక ఒకరం వెళ్లాలా? ఇంత మంచి స్నేహం చిన్నచిన్న విషయాల దగ్గర చెడకూడదన్నదే అసలు బెంగ.

తీగలాగితే:
కరెంటు పంచుకోవద్దండి. 230 వోల్టుల దగ్గర 16 ఆంపుల పాయింట్ ఇచ్చేది మొత్తం 3,680 వాట్లు. ఒక బండిలో ఏసీ 1,200, కెటిల్ 2,000 లాగుతుంటే రెండో బండిలో ఇంకో కెటిల్ పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది. 120 వోల్టుల, 30 ఆంపుల పాయింట్ అయినా 3,600 దగ్గరే ఆగుతుంది. కొన్నిచోట్ల ఇచ్చేది 6 ఆంపులే, అంటే 1,380 వాట్లు. అది ఆ ఒక్క కెటిల్‌కే చాలదు.

బ్రేకర్ పడిపోతే నయమే, అసలు ప్రమాదం పడకపోతేనే. 10 ఆంపుల ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి 16 ఆంపుల పాయింట్‌కు పెట్టారనుకోండి. 14 ఆంపులు పారుతున్నా బ్రేకర్‌కు అది మామూలు లోడే. బోర్డు లోపల మాత్రం ప్లాస్టిక్ మెత్తబడుతూ ఉంటుంది.

కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్లది, 25 మీటర్లు మించకుండా తీసుకోండి. ఐదు మీటర్లే అవసరమైనా చుట్ట మొత్తం విప్పి నేల మీద వదులుగా పరవండి. చుట్టలో ఉంటే వేడి బయటికి పోయే దారి లేక లోపలి వరసల్లో ఇన్సులేషన్ కరుగుతుంది. ముందు బండికి, తర్వాత పాయింట్‌కు తగిలించాలి. బయల్దేరేటప్పుడు ముందు పాయింట్ దగ్గర తీయాలి. లేదంటే చేతిలో ఉన్న ప్లగ్గులో కరెంటు ఉంటుంది. ఏసీ వేసిన అరగంటకు ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేకపోతే వెంటనే ఆపేయండి.

నిదానమే:
జనరేటర్ ఒకటే అయితే అది ఇద్దరిలో ఎవరికీ అడ్డం కాని చోట ఉండాలి. పొగగొట్టం రెండు బండ్లకూ దూరంగా తిరిగి ఉండాలి, కిటికీల నుంచి కనీసం ఆరు మీటర్ల ఎడం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సాయంత్రం అటు వీచిన గాలి రాత్రికి ఇటు తిరిగితే పొగ పక్కవాళ్ల పడకగదిలోకి పోతుంది. అందుకే జనరేటర్ మీ దగ్గరే ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం వాళ్ల బండిలో కూడా పనిచేస్తోందో లేదో నొక్కి చూడమనండి. పడుకునే ముందు తప్పకుండా ఆపేయండి.

ఇంకో మాట. తలుపులు ఎదురెదురుగా ఉండాలంటే చాలాసార్లు ఒక బండి ముందుకు, ఇంకోటి వెనక్కి వెళ్లి ఆగాలి. అప్పుడు ఒకరికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు అవతలి పక్కకు పోతాయి, అందుకని పైపు పొడవు ముందే కొలుచుకోండి. ఆ సరదాలో వాలు మీద మాత్రం ఆపొద్దు. గ్యాసు మీద కూడా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లో అమ్మోనియా ద్రావణాన్ని తిప్పే పంపు ఉండదు, లోపలి గొట్టాల వాలు ఆధారంగానే తిరుగుతుంది. బండి బాగా ఒరిగి ఉండగా ఫ్రిజ్ గంటల తరబడి నడిస్తే ఆ ద్రావణం ఒకచోట నిలిచిపోయి యూనిట్ పాడవుతుంది. ఆనింగులు (బండి పక్కకు చాపే నీడ పందిళ్లు) తెరిచాక కూడా మధ్యలో మూడు మీటర్లు ఖాళీ వదలండి. నిప్పు అంటుకుంటే పక్క బండికి పాకకుండా ఉండాలి.

వెనకచక్రం:
రోడ్డు మీద వెంటాడుకుంటూ వెళ్లొద్దు. ముందు బండి పసుపు సిగ్నల్ దాటితే వెనక బండి ఎర్ర సిగ్నల్‌లో దూరిపోయేది ఈ తొందరలోనే. ఇద్దరి దగ్గరా చిరునామా ఉండాలి, వంద కిలోమీటర్లకు ఒక కలిసే చోటు పెట్టుకోవాలి. ఆ మధ్యలో ఎవరి వేగం వాళ్లది.

వాళ్ల తోక గురించి చెప్పారు కాబట్టి: స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెనక మూల కుడికి ఊడ్చుకుంటూ వస్తుంది. మూడు మీటర్ల తోక సుమారు మీటరు దాకా బయటికి రావచ్చు. పెట్రోల్ పంపు స్తంభాలకు, క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పెట్టెలకు తగిలేది ఆ మూలే. రివర్స్ చేసేటప్పుడు వెనక ఒక్కరే నిలబడాలి. ఆ మనిషి అద్దంలో కనిపించకపోతే డ్రైవర్ బండి ఆపేయాలి, ఇందులో మినహాయింపు లేదు. నలుగురూ నాలుగు వైపుల నుంచి అరిస్తే ఏ మాటా చెవికెక్కదు.

బయల్దేరేముందు వాళ్ల బండి చుట్టూ మీరు, మీ బండి చుట్టూ వాళ్లు తిరగండి. కలిసి వెళ్లడంలో పెద్ద లాభం ఇదే. మెట్టు లోపలికి వెళ్లిందా, పైకప్పు కిటికీ మూశారా, కేబుల్ తీశారా, చక్రాల కింద దిమ్మలు ఉన్నాయా అన్నది పరాయి కంటికి ఇట్టే కనిపిస్తుంది.

బాటసారి7:
చాలా థాంక్స్ అండి. మా క్యాసెట్‌ను వాళ్ల టాయిలెట్‌లోనే ఖాళీ చేసేయమంటున్నారు. చేయొచ్చా?

తీగలాగితే:
వద్దండి. ఇరవై లీటర్లు ఒక్కసారి పోస్తే లోపల చిందుతుంది, వాళ్ల ట్యాంకు లెక్క తప్పుతుంది. డంప్ స్టేషన్‌లోనే (క్యాంప్‌గ్రౌండ్‌లో మురుగు పారబోసే చోటు) పోయండి. పోసేటప్పుడు క్యాసెట్ మీది గాలి బటన్ నొక్కి పట్టుకోండి, గుడగుడమని ఎగిరిపడకుండా ధారగా పడుతుంది. మూడు లీటర్ల నీళ్లతో కడిగి, టాయిలెట్ మందు, రెండు లీటర్ల నీళ్లు పోసి పెట్టేయండి.

వాళ్లకొక మాట చెప్పండి: బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. నీళ్లు జారిపోయి గట్టిది గుట్టలా పేరుకుంటుంది. మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే (వంట, స్నానాల నీళ్ల ట్యాంకు) తెరవాలి, సబ్బునీళ్లు పైపును కడుగుతాయి. తాగునీళ్ల పైపు మాత్రం ఒకరిది ఒకరు అడగొద్దు, ఇవ్వొద్దు. అది ఏ కుళాయి దగ్గర పడిందో రెండోవాళ్లకు తెలియదు.

నిదానమే:
స్నేహం సంగతి. మొహమాటమే అసలు శత్రువు. సైటు అద్దె, ఇంధనం ఎవరివి వాళ్లు కట్టుకోండి. రెండు బండ్ల మైలేజీ వేరు కాబట్టి సగం సగం అంటే ఒకరికి ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. ఉమ్మడి వంటకు మాత్రం ఒక డబ్బా పెట్టుకోండి. మూడు నాలుగు రోజులకోసారి విడిగా తిరిగే రోజు ఉంటుందని ముందే అనుకోండి. అప్పుడు "రేపు మేం రావట్లేదు" అన్నమాట ఎవరినీ నొప్పించదు. బండి ఆపి, లెవెల్ చేసి, కనెక్షన్లు ఇచ్చేదాకా ఎవరూ ఎవరినీ పలకరించొద్దు. మాటల్లో పడి హ్యాండ్‌బ్రేక్ మరిచిపోయేది అప్పుడే. వాళ్ల కుర్చీలు బయటికొచ్చాయంటే మీరు వెళ్లొచ్చు.