అప్‌డేట్: లారీ అదనపు లైట్ల రిలే టకటక సమస్య పరిష్కారమైంది

మా 24 వోల్టుల లారీ ముందు బంపర్‌కు బిగించిన రెండు 70 వాట్ల హాలోజన్ లైట్లు, స్విచ్ వేయగానే రిలే (చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే స్విచ్) టకటకలాడి, ఆ తర్వాత మసకగా వెలుగుతున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఎర్త్ (లైట్ల నుంచి కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) చూడమన్న సలహాయే సరైనది.

చెన్నై మాధవరంలోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ లైట్లు వెలుగుతుండగానే మల్టీమీటరును లైటు నెగటివ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పెట్టి చూస్తే దాదాపు 8 వోల్టులు చూపింది. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. బంపర్ బోల్టు కింద పెయింటు మీదనే ఎర్త్ వైరు రింగ్ టెర్మినల్ బిగించి ఉంది, దాని అంచున పచ్చని చిలుము పట్టింది. రిలే 85వ పిన్ (రిలేను పట్టి ఉంచే కాయిల్ నెగటివ్ చివర) ఎర్త్ కూడా అదే బోల్టుకు ఉండటంతో, చల్లని ఫిలమెంట్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా కాయిల్‌కు వోల్టేజీ చాలక రిలే వదిలేసి మళ్లీ పట్టుకుంటోంది.

పెయింటు గీకి, లైట్లకు బ్యాటరీ నెగటివ్ వరకు నేరుగా మందపాటి వైరు వేసి, 85కు వేరే ఎర్త్ ఇచ్చారు. ఇప్పుడు రిలే ఒక్కసారే 'టక్' అంటోంది, వెలుగూ నిండుగా ఉంది.

ఆల్టర్నేటర్ 28 వోల్టులు ఇస్తోంది, దానిలో లోపం లేదు. స్విచ్ కూడా బాగానే ఉంది. ముందే మార్చిన కొత్త రిలే మాత్రం అనవసరపు ఖర్చు. పాతది స్పేర్‌గా క్యాబిన్‌లో ఉంచాను.