గద్వాల చీరల దుకాణానికి ప్రకటన వీడియో: స్టూడియోకు ఇవ్వాలా, మేమే తీసుకోవాలా?

జరీ అంచు (గద్వాల):

నమస్కారం. మాది గద్వాలలో చిన్న చీరల దుకాణం. ఇంట్లోనే మగ్గం ఉంది. మా వారు నేస్తారు, దుకాణం నేను చూసుకుంటాను. దసరా గిరాకీ మొదలయ్యేలోపు ఒక నిమిషం ప్రకటన వీడియో చేయించాలని అనుకుంటున్నాము. ఒక స్టూడియో వారిని అడిగితే కోట మీదుగా డ్రోన్, జూరాల గేట్లు, చీర కట్టుకుని నడిచి వచ్చే మోడల్, వెనుక పాట, అన్నీ కలిపి 40 వేలు అన్నారు. డబ్బు పెట్టడానికి వెనుకాడటం లేదు. ఆ వీడియో చూసి ఎవరైనా చీర కొంటారా అన్నదే నా సందేహం.

ఇంకో బాధ కూడా ఉంది. నేను ఫోనుతో తీసిన వీడియోల్లో రంగులు మారిపోతున్నాయి. మొన్న హైదరాబాదు నుంచి ఒకావిడ నీలం అనుకుని తెప్పించుకున్న చీర తీరా చూస్తే వంకాయ రంగు. తిరిగి పంపేశారు, కొరియరు ఖర్చు మా మీదే పడింది. తెలిసినవారు చెప్పండి, ఏం చేయమంటారు?

పాలమూరు కెమెరా (మహబూబ్‌నగర్):

అక్కా, నేను పెళ్ళిళ్ళూ దుకాణాల ప్రకటనలూ తీస్తుంటాను. నా మాట సూటిగా చెబుతాను. డ్రోన్ వద్దు, జూరాల వద్దు. కోట ఎంత అందమైనదైనా చూసేవారు కొనేది కోటను కాదు. పైగా 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎగరేసే డ్రోన్‌కు నమోదు సంఖ్య ఉండాలి, ఆ చోట ఎగరేయవచ్చో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. చీర ప్రకటనకు ఆ తలనొప్పి అంతా ఎందుకు?

గద్వాల చీరలో ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకనిది కుప్పడం అనే అతుకు నేత. నడుమ నూలు, అంచుకు పట్టు. అంచుకు వేరే నాడె (దారాన్ని అటూ ఇటూ నడిపేది), నడుమ భాగానికి వేరే నాడె. పేక (అడ్డ దారం) వేసిన ప్రతిసారీ ఆ రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి మళ్ళుతాయి. ఆ మళ్ళే చోటే మీ ప్రకటన. చాలామంది గద్వాల చీర కట్టుకుంటారు గానీ ఆ అతుకు ఎలా పడుతుందో ఎప్పుడూ చూసి ఉండరు. వీడియో మొదటి మూడు సెకన్లలో అదే కనిపించాలి. దుకాణం బోర్డు, పేరు, నమస్కారం అన్నీ తరువాత.

తీయడం ఇలా. మీది గుంట మగ్గమే అయితే నేసేవారి కాళ్ళు గుంటలో ఉంటాయి, బట్ట నేలకు దగ్గరగా ఉంటుంది. నిలబడి పైనుంచి తీస్తే మగ్గం కర్రలు తప్ప ఏమీ కనబడవు. ఫోనును బట్ట ఎత్తుకు దించండి. చిన్న ట్రైపాడ్ లేకపోతే బియ్యం నింపిన గుడ్డ సంచి మీద ఆనించినా కదలదు. జూమ్ చేయకండి, ఫోనునే దగ్గరకు జరపండి. ముందుగా లెన్సు తుడవండి. ఇది మరిచిపోయేవారే ఎక్కువ.

వెలుతురు కిటికీది చాలు, కానీ అది పక్కనుంచి బట్ట మీద వాలుగా పడాలి. ఎదురుగా లైటు పెడితే జరీ తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది, నేత కనబడదు. పక్క వెలుతురులో జరీ మెరుపూ తెలుస్తుంది, ఒక్కో పేకా తెలుస్తుంది. కిటికీకి ఎదురు వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు మెత్తబడతాయి. నేరుగా ఎండ పడే వేళ మాత్రం తీయకండి.

ఇక రంగు మారడం. గదిలో కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే ఫోను దేన్ని తెలుపు అనుకోవాలో తేల్చుకోలేదు. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు: ఎండ దాదాపు 5500 కెల్విన్లు, పసుపు బల్బు 2700 నుంచి 3000. ఫోను దానంతట అదే సరిచేయబోయి సగం వీడియోలో ఒక రంగు, మిగతా సగంలో ఇంకో రంగు చూపిస్తుంది. వంకాయ రంగు, నెమలి కంఠం రంగు, మెరూన్ లాంటివి ముందుగా దెబ్బతింటాయి. లైట్లు ఆర్పేసి కిటికీ వెలుతురు ఒక్కటే ఉంచండి. కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే చోట) తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ కుదిర్చి, దాన్ని అక్కడే లాక్ చేయండి. ఎక్స్‌పోజరు (వెలుతురు పాళ్ళు) కూడా లాక్ చేయండి. ఫిల్టర్ల జోలికి అసలు పోవద్దు. తీశాక చీరను పక్కన పెట్టుకుని రెండు మూడు వేరువేరు ఫోన్లలో చూడండి, ఎందుకంటే కొన్ని ఫోన్ల తెర రంగులను సహజంగానే పెంచి చూపిస్తుంది.

దుకాణంలో బల్బుల కింద తీయక తప్పకపోతే అదే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్ దానికి కుదరకపోతే వీడియో మీద నల్లని పట్టీలు పాకుతాయి.

జరీ అంచు (గద్వాల):

అన్నా, ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. రెండు ప్రశ్నలు. మా వారు కెమెరా చూస్తే బిగుసుకుపోతారు, గొంతు కూడా రాదు. ఆయన మాటల బదులు సినిమా పాట పెట్టేయవచ్చా? రెండోది, వాట్సాప్‌లో పంపితే మసకబారుతోంది. దానికి ఏమైనా దారి ఉందా?

నల్లగొండ నేత:

అమ్మా, నేను పోచంపల్లి వైపు ఇక్కత్ నేసేవాడిని, సొసైటీ అమ్మకాలు కూడా చూశాను. సాంకేతిక విషయాలు పై తమ్ముడు బాగా చెప్పారు. నేను చెప్పేది మాట గురించి. ప్రకటనలో అనే ప్రతి మాటకూ మీరు నిలబడాలి. పట్టు ఎంతో, నూలు ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి. మర మగ్గం చీరను చేనేత అని చూపిస్తే అది తప్పుదోవ పట్టించే ప్రకటన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. నిజంగా నేసేవారికి ఈ చట్టం అండ, భయం కాదు. 2006 నుంచి ఉన్న చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) మీ చీరలకు ఉంటే ఆ లేబులును దగ్గరగా చూపించండి.

చీరను తిరగేసి వెనుక వైపు కూడా చూపించండి. తెలిసి కొనేవారు దుకాణంలో ముందు చూసేది అదే.

ఒక్క విషయంలో మాత్రం తమ్ముడితో నాకు పూర్తిగా ఏకాభిప్రాయం లేదు. మగ్గం ఎంత చూపించినా కట్టుకుంటే కుచ్చిళ్ళు ఎలా నిలుస్తాయో చూడకుండా ఆడవాళ్ళు కొనరు. మోడల్ అక్కరలేదు. మీరే కట్టుకుని మీ ఇంటి ముందు నాలుగు అడుగులు వేయండి.

పాలమూరు కెమెరా (మహబూబ్‌నగర్):

పెద్దాయన మాట ఒప్పుకుంటున్నాను, కట్టుకున్న దృశ్యం ఉండాలి. అక్కా, అది సాయంత్రం ఎండ తగ్గాక, గోడ నీడలో తీయండి. చిన్న గళ్ళ చీరలైతే వీడియోలో అలలు అలలుగా చారలు పాకుతాయి. అప్పుడు కాస్త దగ్గరకో దూరంగానో జరిగితే, లేదా కోణం మారిస్తే పోతాయి.

సినిమా పాట వద్దు. అనుమతి లేకుండా వ్యాపార ప్రకటనకు వాడితే కాపీరైటు ఫిర్యాదు వస్తుంది, వీడియోలో శబ్దం ఆపేస్తారు లేదా వీడియోనే తీసేస్తారు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, కానీ ఒక్కో ట్రాక్ షరతులు చదివి వాడండి. నన్నడిగితే అది కూడా తక్కువగానే. మీ మగ్గం చప్పుడు ఉంది కదా! నాడె అటు వెళ్ళే సవ్వడి, పేకను బిగించే అచ్చు కొట్టుకునే దెబ్బ, ఆ లయ ఏ సంగీత దర్శకుడూ కట్టినది కాదు. ఫ్యాను ఆపి, ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు దాన్ని విడిగా రికార్డు చేసి పెట్టుకోండి. దృశ్యాలన్నిటి కిందా అదే నడిపించవచ్చు.

బావగారి గురించి చెబుతాను. ఆయనకు చదవమని కాగితం ఇవ్వకండి, కెమెరా వైపు చూడమనకండి. కాలర్ మైకు పెట్టి, మీరు పక్కన కూర్చుని అడగండి: ఈ అంచు రంగు ఎందుకు ఎంచుకున్నావు, ఈ బుటాకు ఎంతసేపు పడుతుంది? చేతులు పనిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది. మగ్గం ఆగిన క్షణాల్లో మాట రానివ్వండి, లేకపోతే చప్పుడులో కలిసిపోతుంది. ఆయన మాటతీరు పాలమూరుదే ఉండనివ్వండి, టీవీ భాషలోకి మార్చవద్దు. నేసిన మనిషి ఆయనే అని కొనేవారు నమ్మేది ఆ గొంతు విన్నప్పుడే. చాలామంది శబ్దం ఆపుకుని చూస్తారు కాబట్టి మాటలను తెర మీద పెద్ద అక్షరాల్లో వేయండి. అడుగున మాత్రం వద్దు, అక్కడ యాప్ బటన్లు కప్పేస్తాయి.

వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. అడిగినవారికి వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, నాణ్యత తగ్గదు. తీసేటప్పుడే ఫోను నిలువుగా పట్టుకోండి, 1080×1920 చాలు. ఒక్కో చీరకు 20 సెకన్ల ముక్క విడిగా ఉంచుకుంటే, అడిగిన రంగు అడిగిన వెంటనే పంపవచ్చు.

ఆ 40 వేలలో కాలర్ మైకు, ట్రైపాడ్ కొన్నా చాలా మిగులుతుంది. మిగిలినదాంట్లో కొంత ఎడిటింగ్ వచ్చిన కుర్రవాడికి ఇచ్చి ముక్కలు కలిపించండి. కలిపాక ఇక్కడ పెట్టండి, రంగులు నేను చూసి చెబుతాను.